ఒకటవ రకం మధుమేహం – పేగు బాక్టీరియా పాత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకటవ రకం మధుమేహం శరీర రక్షణ వ్యవస్థ తన కణాలనే పరాయివిగా భావించడం వల్ల కలిగే వ్యాధి. జన్యు కారణాలు మాత్రమే దీనిని పూర్తిగా వివరించలేవు. శైశవంలో పేగు బాక్టీరియా రక్షణ వ్యవస్థపై చూపే ప్రభావాన్ని గురించి జరిగిన ప్రధాన అధ్యయనాలను పరిచయం చేసి, వాటి నుండి ఎంతవరకు నిర్ధారణకు రావచ్చునో తెలపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మధుమేహం, ఇన్సులిన్, పేగు బాక్టీరియా, రక్షణ వ్యవస్థ, కరేలియా.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'మధుమేహం', 'చక్కెర వ్యాధి' అనే పేర్లు రెండు భిన్న వ్యాధులకు ఉమ్మడిగా వాడుకలో ఉన్నాయి. రెండవ రకంలో ఇన్సులిన్ ఉత్పత్తి అవుతున్నా శరీరం దానికి సరిగా స్పందించదు. ఒకటవ రకంలో ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమంలోని బీటా కణాలనే రక్షణ కణాలు నాశనం చేస్తాయి. ఇది తరచుగా బాల్య, కౌమార దశల్లో బయటపడుతుంది. పేరు ఒకటే కావడం వల్ల, తీపి ఎక్కువగా తినిపించడమే కారణమన్న నింద తల్లిదండ్రులపై పడుతూ ఉంటుంది. ఆ నిందకు శాస్త్రాధారం లేదు.

2. కరేలియా సరిహద్దు:
ప్రపంచంలో ఈ వ్యాధి అత్యధికంగా కనిపించే దేశం ఫిన్లాండ్. సరిహద్దుకు ఆవల రష్యాకు చెందిన కరేలియాలో దీని వ్యాప్తి సుమారు ఆరో వంతు మాత్రమే. వ్యాధికి దోహదపడే జన్యు లక్షణాలు మాత్రం ఇరువైపులా దాదాపు సమానం. కనుక పరిశోధకుల దృష్టి పరిసరాల వైపు మళ్ళింది.

ఫిన్లాండ్, ఎస్టోనియా, రష్యాలకు చెందిన 222 మంది శిశువులను మూడేళ్ళ వయసు వరకు పరిశీలించిన అధ్యయనం 2016లో వెలువడింది. మొదటి రెండు దేశాల శిశువుల పేగుల్లో బాక్టిరాయిడీస్ ప్రజాతి అధికంగా కనిపించింది. ఈ బాక్టీరియా బయటి పొరలో ఉండే లైపోపాలిశాకరైడ్ అనే పదార్థం, ఇ.కోలిలోని అదే పదార్థంలా రక్షణ కణాలను ఉత్తేజపరచదు. పైగా ఆ ఉత్తేజాన్ని అణచివేస్తుంది. మధుమేహానికి లోనయ్యే ఎలుకలకు ఇ.కోలి లైపోపాలిశాకరైడ్‌ను ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గింది; బాక్టిరాయిడీస్ పదార్థంతో ఆ ఫలితం రాలేదు. శైశవంలో అందవలసిన శిక్షణ లోపిస్తే రక్షణ వ్యవస్థ దారి తప్పవచ్చునన్నది దీని సారాంశం.

3. కారణమా, పర్యవసానమా?
2015లో వెలువడిన మరో అధ్యయనం ఫిన్లాండ్, ఎస్టోనియాలలో జన్యుపరంగా ముప్పున్న 33 మంది శిశువులను పరిశీలించింది. వ్యాధికి లోనైనవారి పేగుల్లో, రోగనిర్ధారణకు ముందే బాక్టీరియా వైవిధ్యం సుమారు 25 శాతం తగ్గినట్లు గుర్తించింది. అయితే అప్పటికే వారి రక్తంలో స్వీయ ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే, వైవిధ్యం తగ్గడం వ్యాధికి మూలమా, లేక అప్పటికే మొదలైన ప్రక్రియకు ఫలితమా అన్నది దీనివల్ల తేలదు.

అమెరికా, ఐరోపాలలోని 783 మంది పిల్లల నమూనాలను విశ్లేషించి 2018లో ప్రకటించిన 'టెడ్డీ' అధ్యయనంలో, ఆరోగ్యవంతుల బాక్టీరియాలో హ్రస్వ శృంఖల కొవ్వు ఆమ్లాలను తయారుచేసే జన్యువులు ఎక్కువగా కనిపించాయి. కాని అన్ని ప్రాంతాలకూ వర్తించే ఒకే 'దోషి' బాక్టీరియా తేలలేదు. ఏ జాతి ఉన్నదన్న దానికంటే, అక్కడి బాక్టీరియా సమూహం ఏ పని చేస్తున్నదన్నదే ముఖ్యం కావచ్చునని దీనివల్ల భావించవచ్చు.

4. ముగింపు:
పేగు బాక్టీరియా ఈ వ్యాధికి ఏకైక కారణమని గాని, వాటిని మార్చితే వ్యాధి నయమవుతుందని గాని పై అధ్యయనాలు నిరూపించలేదు. పెరుగు, ప్రోబయోటిక్ మాత్రలు ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం కావు. వాటిని నమ్మి ఇన్సులిన్ మానివేస్తే బిడ్డ ప్రాణానికే ప్రమాదం. ఈ విషయాన్ని తెలుగులో రాసేవారు, బోధించేవారు 'ఒకటవ రకం' అనే విశేషణాన్ని విడువకుండా వాడటం అవసరం. ఆ ఒక్క మాట లోపిస్తే ఒక వ్యాధికి చెప్పిన సలహా మరొక వ్యాధిగ్రస్తునికి హాని చేయగలదు.