పట్టు వదలని ముందు బ్రేకు

పట్టు వదలకపోవడం విక్రమార్కుడికి గొప్ప కావచ్చు గాని, మోటారుసైకిలు బ్రేకుకు మాత్రం అది జబ్బే. సి.ఓ.ఇ. పదేళ్ళ గడువు తీరినా మళ్ళీ డబ్బు కట్టి పాత బండినే నడుపుకుంటున్నవారు సింగపూరులో చాలామంది. ఇక్కడి తేమకూ వానలకూ ఏళ్ళ తరబడి నానిన బండికి ఈ జబ్బు వస్తే ఆశ్చర్యం లేదు. మేము వైద్యులమే గాని మెకానిక్కులం కాము. అయినా ముందు లక్షణాలు విని, తర్వాత అడ్డంకి ఎక్కడుందో వెతికే మా పద్ధతి ఇక్కడా పనికొస్తుంది కనుక నాలుగు మాటలు రాస్తున్నాము.

నాన్నగారి తరం నడిపిన బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్ బండ్లకు డ్రమ్ బ్రేకులుండేవి. కేబులు తుప్పు పట్టినా, లోపలి స్ప్రింగు సాగినా, షూలను తోసే క్యామ్ బిగుసుకున్నా బ్రేకు వదలదు. 1969లో హోండా సి.బి.750 వచ్చాక ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కు బ్రేకు క్రమంగా వాడుకలోకి వచ్చింది. ఇందులో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. లీవరు నొక్కితే కాలిపరులో పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కాస్త మెలిపడుతుంది. వదిలితే ఆ రబ్బరు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఆ వెంట్రుకవాసి తగ్గితే బ్రేకు పట్టేసినట్టే.

ఇక పరీక్ష. బండిని స్టాండు మీద గట్టిగా నిలిపి ముందు చక్రం పైకి లేపండి. చక్రాన్ని తిప్పి, లీవరు నొక్కి వదలండి. ప్యాడ్లు సన్నగా రాసుకోవడం సహజం. చక్రం బిగిసిపోతే మాత్రం కాలిపరు మీది బ్లీడ్ నిపుల్‌కు చిన్న గొట్టం తొడిగి, కొద్దిగా వదులు చేయండి. ద్రవం చిమ్మి చక్రం తిరిగిందా? అయితే ఒత్తిడి పైన ఎక్కడో చిక్కుకుంది. తిరగకపోతే లోపం కాలిపరులోనే ఉంది. సీలు వెనకాల గాడిలో తుప్పు పేరుకుని పిస్టన్‌ను నొక్కుతూ ఉండవచ్చు, లేదా కాలిపరు జారే పిన్నులు ఎండిపోయి ఉండవచ్చు. చక్రం ఈ మధ్యే విప్పి బిగించి ఉంటే యాక్సిలు సరిగా కూర్చుందో లేదో కూడా చూడాలి.

ఒత్తిడి పైన ఉందని తేలితే నిపుల్ బిగించి, లీవరు నొక్కి చక్రాన్ని మళ్ళీ బిగుసుకోనివ్వండి. ఈసారి మాస్టర్ సిలిండరు దగ్గరి గొట్టం బోల్టును, గుడ్డ చుట్టి, కొద్దిగా వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు సిలిండరుది. లేకపోతే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, సిరల్లోని కవాటంలాగా ద్రవాన్ని ఒకవైపే పోనిస్తోందన్నమాట. గొట్టం మార్చడమే మందు.

"పొద్దున బాగానే ఉంది, అరగంట నడిపాక లీవరు గట్టిపడి బండి ఈడ్చింది, కాసేపు ఆపితే మళ్ళీ కదిలింది" అంటే ముందుగా సిలిండరునే అనుమానించాలి. అందులో ద్రవం వెనక్కి వచ్చే రంధ్రం సూదిమొనంత ఉంటుంది. మడ్డి చేరి అది మూసుకుపోయినా, లీవరుకు ఆట లేక పిస్టన్ లోపలే నిలిచిపోయినా, వేడికి వ్యాకోచించిన ద్రవానికి దారి ఉండదు. అది ప్యాడ్లను నొక్కుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. చల్లారగానే కుదుటపడటం చూసి నయమైందనుకుంటే మోసపోతాం. వేగంగా పోతుండగా, పైగా వానలో, ముందు చక్రం బిగుసుకుంటే పట్టు తప్పక పడిపోతాము.

కొన్ని జాగ్రత్తలు. వేడెక్కిన డిస్కును చేత్తో తాకకండి. రెండు నీటి చుక్కలు చల్లితే సుయ్‌మన్న చప్పుడే చెబుతుంది. రబ్బరు భాగాలకు ఇంజను ఆయిలు తగలనివ్వకండి, ఉబ్బిపోతాయి. వాటికి తగిన సిలికాన్ గ్రీజు దొరుకుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. ప్రమాణాల ప్రకారం డాట్-4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. అది పెయింటునూ తినేస్తుంది, కళ్ళకూ మంచిది కాదు. పాత డ్రమ్ బ్రేకుల షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో ఊదడం ఊపిరితిత్తులకు చేటు, తడిగుడ్డతో తుడవండి.

బోల్టు విప్పితే కొత్త రాగి వాషర్లు వేసి, గాలి పూర్తిగా తీసి, నడక వేగంలో పరీక్షించాకే రోడ్డెక్కాలి. చేతకాదనుకుంటే బండిని నడపకుండా వర్క్‌షాపుకు ఎక్కించి పంపండి. "ముందు బ్రేకు వాడకపోతే పోలా" అని మాత్రం అనకండి. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది కనుక బండిని ఆపేది ఎక్కువగా ఆ చక్రమే. మూడేళ్ళు దాటిన మోటారుసైకిలుకు ఇక్కడ ఏటా తనిఖీ ఉంది గదా, అప్పుడే చూద్దాంలే అనీ ఊరుకోకండి. ఈ జబ్బు తనిఖీ తేదీ దాకా ఆగదు.