విటమిన్ బిళ్లలు – పిల్లల గుండె

లావెక్కిన పిల్లల గుండెకు మంచిదని విటమిన్ ఇ, సి బిళ్లలు ఇప్పించమని అడిగేవారున్నారు. ఒంట్లో కొవ్వు పెరిగితే ఆక్సీకరణ హెచ్చి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. బిళ్లలు దాన్ని ఆపుతాయని ఆశ. బ్రిటన్‌లో గుండెజబ్బు ముప్పున్న 20,536 మంది పెద్దలకు అయిదేళ్లపాటు విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. 2002లో ఫలితం వచ్చింది: గుండెపోట్లు తగ్గలేదు. స్థూలకాయ పిల్లలపై 2014లో వెలువడిన నాలుగు నెలల పరీక్షలో ఆక్సీకరణ తగ్గింది గానీ ఇన్‌ఫ్లమేషన్ తగ్గలేదు. విటమిన్ ఇ మోతాదు మించితే రక్తస్రావం ముప్పు కూడా.

డాక్టరు లోపం ఉందని రాస్తే సరే. లేకుంటే మీ సదఖా సొమ్ము బిళ్లలకు వద్దని మా అభిప్రాయం. ఉసిరి, జామ, మునగాకు గన్నవరంలో దొరికేవే. ఇఫ్తార్‌లో సమోసాలు, షర్బత్ తగ్గించాలి (మాకూ కష్టమే!). రోజూ గంటసేపు ఆట కావాలి. మీరిచ్చేది పిల్లల బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలకు ఇవ్వండి.