బాలెంత రక్తస్రావము – ముందెఱుక



కాన్పయినది, బిడ్డ యేడ్చినది, ఇక భయము లేదని మన మూరట చెందుదుము. వైద్యులు మాత్ర మా సమయముననే మిక్కిలి జాగరూకులై యుందురు. మాయ వెడలిన పిమ్మట గర్భకోశము పిడికిలివలె బిగిసి, మాయ యంటియుండిన చోటి రక్తనాళములను నొక్కివేయవలెను. అది బిగియకున్నచో రక్తము ధారగా పోవును. ప్రసవానంతర రక్తస్రావమునకు ముఖ్యకారణ మిదియే. ఒక లీటరు రక్తము పోయినచో దానిని తీవ్రమైనదిగా నెంచెదరు. కొలది గంటలలోనే ప్రాణము పోవచ్చును.

ఈ యాపద యెవరికి రాగలదో ముందుగా తెలియునా? అమెరికాలో కొందఱు పరిశోధకులు 2002 మొదలు 2008 వఱకు 12 కేంద్రములలో జరిగిన 1,52,279 కాన్పుల వైద్యపత్రములను కంప్యూటరుచే పరిశీలింపజేసి, 2020లో ఫలితమును ప్రకటించిరి. తల్లి వయస్సు, బరువు మొదలగు 55 అంశములు లెక్కకు వచ్చినవి. నూటికి ఇంచుమించు 5గురికి రక్తస్రావము కలిగెను. అపాయము గలవారిని వేఱుపఱచుటలో ఆ లెక్క చక్కగా పనిచేసినది.

అయితే, వ్రాయనిదానిని ఏ యంత్రమును చదువజాలదు. మనలో తొలికాన్పు పుట్టినింట జరుగుట యాచారము. తరువాతి కాన్పునాటికి ఆ చీటు లెచ్చటనో పడియుండును. మొదటి కాన్పులో రక్తము విశేషముగా పోయెనన్న మాట వైద్యునికి చేరదు. కాని, అది మరల సంభవింపవచ్చు నని తెలుపు గుర్తులలో నదియే ముఖ్యమైనది. కవలపిల్లలు, మాయ గర్భద్వారమున కడ్డముగా నుండుట, ఇదివఱకు శస్త్రచికిత్సచే కాన్పగుట, నొప్పులు చిరకాలము సాగుట తక్కిన గుర్తులు. రక్తహీనురాలికి కొద్దిపాటి రక్తము పోయినను ప్రమాదమే. 2019–21 నాటి జాతీయ సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52మందికి రక్తహీనత యున్నట్లు తేలినది.

ఇంకొక మాట. రక్తస్రావము కలిగినవారిలో ననేకులకు ముం దే గుర్తును కానరాదు. కావున గుర్తులు లేవని యేమఱరాదు. బిడ్డ పుట్టిన వెంటనే గర్భకోశము బిగియుటకు సూదిమందు ప్రతి తల్లికి నీయవలెను. పోవు రక్తమును కంటితో నంచనా వేయక కొలువవలెను. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలోని 80 ఆసుపత్రులలో జరిగిన పరిశోధన 2023లో వెలువడినది. రక్తమును కొలిచి, తక్షణమే చికిత్సల నన్నిటిని కలిపి చేసినచోట తీవ్రపరిణామములు నూటికి 60 వంతులు తగ్గినవి.

గృహమున పెద్దలైన మీరు చేయదగిన పని స్వల్పమే. కోడలు పుట్టినింటికి పోవునపుడు చీరె సారెలతో పాటు తల్లీబిడ్డల కార్డును, వెనుకటి చీటులను కట్టి యిండు. గడచిన కాన్పులో జరిగినదానిని దాచక వైద్యునితో చెప్పుడు. గుర్తులున్న తల్లిని నొప్పులు రాకమునుపే రక్తము సిద్ధముగా దొరకు ఆసుపత్రికి చేర్పుడు. ఆలస్యమైన పిమ్మట ఎంత పరుగెత్తినను పోయిన గడియ తిరిగి రాదు.