ఓరుగల్లు తోరణాల వెనక దాగిన కథేంటి? యుద్ధాన్ని ఆపిన పుకారు.. ఊరి రాతిపై దొరికిన రాణి మరణం!

2024 మేలో తెలంగాణ రాష్ట్ర చిహ్నం మార్పు మీద పెద్ద రచ్చే నడిచింది. కాకతీయ కళాతోరణం, చార్మినార్ రాచరికానికి గుర్తులు కాబట్టి తీసేయాలని ఒక వాదన. అవి తెలంగాణ గౌరవానికి గుర్తులు, ముట్టుకుంటే ఊరుకోమంటూ బీఆర్ఎస్ రోడ్డెక్కింది. చివరికి ప్రభుత్వం ఆ మార్పును వాయిదా వేసింది.

రాజకీయం సంగతి పక్కన పెడితే, అసలు ఆ తోరణాలు నిలబడ్డ నగరంలో ఏం జరిగింది? ఖిలా వరంగల్‌కు వెళ్లి సెల్ఫీ దిగి వచ్చేవాళ్లలో చాలామందికి తెలియని కథ ఇది.

రాణి ఎలా చనిపోయింది?

గణపతిదేవుడి కాలంలో కాకతీయుల రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారింది. 1262లో ఆయన తర్వాత కూతురు రుద్రమదేవి గద్దెనెక్కింది. ఆడమనిషి పాలన ఏంటని ఎదురుతిరిగిన వాళ్లున్నారు. శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుగానే కనిపిస్తుంది.

అంతటి రాణి ఎలా చనిపోయిందో చరిత్రకారులకు చాలాకాలం అంతుబట్టలేదు. ఆ చిక్కుముడి విప్పింది రాజధానిలో దొరికిన శాసనం కాదు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరున్న చందుపట్ల అనే ఊళ్లోని ఓ రాయి. పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన శాసనమది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం గుడికి భూమి ఇచ్చానని 1289 నవంబర్ నాటి ఆ శాసనం చెబుతుంది.

ఇద్దరూ ఒకేసారి ఎలా చనిపోయారు? శాసనంలో ఆ ముక్క లేదు. కానీ అదే సమయంలో కాయస్థ నాయకుడు అంబదేవుడు ఓరుగల్లుపై తిరగబడ్డాడు. మరుసటి ఏడాదే, అంటే 1290లో, త్రిపురాంతకంలో తన విజయాలు చాటుకుంటూ శాసనం వేయించాడు. ఈ రెండు రాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన చరిత్రకారులు, రాణి అంబదేవుడితో జరిగిన పోరులోనే చనిపోయి ఉంటుందని అంటారు. అంటే ఆమెను బలిగొన్నది పరాయి సైన్యం కాదు, సొంత సామంతుడే!

రాజధాని వీధుల్లో ఏం నడిచేది?

రాజుల సంగతి శాసనాలు చెబుతాయి. మరి మామూలు జనం సంగతి? దానికి 'క్రీడాభిరామం' చూడాలి. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ఈ పుస్తకం నగరం పడిపోయాక వచ్చినదే. అయితే దీనికి మూలమైన సంస్కృత రచన ప్రతాపరుద్రుడి కాలం నాటిదని పండితులు చెబుతారు.

కథ సింపుల్. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒకరోజు ఓరుగల్లంతా తిరుగుతారు. ఒక రూకకు కడుపునిండా భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు, కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాటలు, వీధిలో పల్నాటి వీరుల కథలు పాడేవాళ్లు, వేశ్యావాటిక.. అన్నీ చూస్తారు. ప్రతాపరుద్రుడికి దగ్గరైన మాచల్దేవి అనే వేశ్య ఇంటి వైభవం కూడా అందులో కనిపిస్తుంది. గుళ్లు, యుద్ధాలు మాత్రమే కాదు.. బేరాలు, పందేలు, సరదాలతో కిటకిటలాడిన ఊరన్నమాట.

ఇంత డబ్బు ఎక్కడిది?

ఒక ఆధారం చెరువులు. గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన పాకాల చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఇంకొకటి సముద్ర వ్యాపారం. అప్పట్లో తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో సరుకంతా స్థానిక పాలకులు లాగేసుకునేవాళ్లు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి ఈ దోపిడీకి అడ్డుకట్ట వేశాడు. నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని వ్యాపారులకు మాటిచ్చాడు.

అయితే ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. కరువొచ్చి కప్పం కట్టలేకపోయిన గిరిజనులపైకి కాకతీయ సైన్యం దండెత్తిందని, ఆ పోరులోనే సమ్మక్క, సారలమ్మ, జంపన్న ప్రాణాలిచ్చారని మేడారం గాథ చెబుతుంది. ఇది శాసనం కాదు, జనం నోట నిలిచిన మాట. రెండేళ్లకోసారి లక్షలాది మంది మేడారం వెళ్లి మొక్కేది రాజుకు కాదు, ఆ రాజుకు ఎదురు నిలిచిన తల్లీబిడ్డలకు.

పుకారుతో ఆగిన యుద్ధం

1303 నుంచి 1323 దాకా.. ఇరవై ఏళ్లలో ఐదుసార్లు ఢిల్లీ సైన్యాలు ఈ రాజ్యం మీదకొచ్చాయి. మొదటిసారి ఓడి వెనక్కి పోయాయి. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడితో ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ఖజానా అప్పగించి, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. 1318లో మళ్లీ దాడి.

1321లో ఉలుగ్ ఖాన్ వచ్చాడు. తర్వాతి రోజుల్లో మహ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కింది ఇతనే. కోట లొంగిపోయేలా ఉన్న టైంలో ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. అంతే.. శిబిరంలో పుకారు పుట్టింది. సుల్తాన్ చనిపోయాడట! సేనానులు తలో దారి పట్టారు. కోటలోని వాళ్లు బయటికొచ్చి దెబ్బకొట్టారు. ఉలుగ్ ఖాన్ దేవగిరికి పారిపోయాడు. తీరా చూస్తే సుల్తాన్ బతికే ఉన్నాడు.

ఈ ఫేక్ న్యూస్ ఎవరి పని? ఉబైద్ అనే కవి, అతని తోడుదొంగలు కలిసి పుట్టించారని బరానీ అనే చరిత్రకారుడు రాశాడు. గద్దె కోసం ఉలుగ్ ఖానే ఉబైద్‌తో ఆ మాట చెప్పించాడని యాత్రికుడు ఇబన్ బతూతా రాశాడు. శిక్ష పడింది మాత్రం ఉబైద్‌కే. మరణశిక్ష!

1323: ఆఖరి దెబ్బ

పుకారు ఇచ్చిన గడువు ఎంతోకాలం నిలవలేదు. 1323లో ఉలుగ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. కోట పడిపోయింది. స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఇప్పుడు మనం చూసే నాలుగు తోరణాలూ ఆ గుడి ఆవరణకు నాలుగు వైపులా ఉన్న ద్వారాలే.

బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు దారిలోనే చనిపోయాడు. నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. తన ఇష్టంతోనే లోకం విడిచాడని 1423 నాటి కలువచేరు శాసనం అంటుంది. దీన్ని చరిత్రకారులు ఆత్మహత్యగా అర్థం చేసుకుంటారు.

ఇదే కథలో ఇంకో మలుపు. ఓరుగల్లు నుంచి బందీగా వెళ్లిన ఒక అధికారి మతం మారి, మక్బూల్ అయ్యాడు. తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీర్, అంటే ప్రధానమంత్రి అయ్యాడు. ఢిల్లీ నిజాముద్దీన్ ప్రాంతంలో ఖాన్-ఎ-జహాన్ తిలంగాణీ పేరుతో ఉన్న ఎనిమిది పలకల సమాధి ఆయనదే. ఆ పేరులోని 'తిలంగాణీ' అంటే మన తెలంగాణ మనిషని!

మరి తోరణం దేనికి గుర్తు?

రాచరికానికా? అవును, రాజులు కట్టించిందే. గౌరవానికా? అదీ నిజమే, చెక్కిన చేతులు ఇక్కడివే. కానీ అది గుడి పోయాక మిగిలిన వాకిలి కూడా. కప్పం వసూలు చేసిన రాజధాని, తానే కప్పం కట్టాల్సి వచ్చిన రాజధాని.. రెండూ ఇదే ఓరుగల్లు. చిహ్నంలో తోరణం ఉండాలా వద్దా అన్న చర్చ మళ్లీ ఎప్పుడొచ్చినా, చందుపట్ల రాయినీ మేడారం గద్దెలనూ వదిలేసి మాట్లాడితే అది సగం కథే అవుతుంది.