పేరయ్యా, ఇద్దరు వాచ్‌మన్లూ

మేడ్చల్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఇల్లు మేడ్చల్‌లో, ఉద్యోగం శామీర్‌పేట దాటాక తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీలో. మధ్యాహ్నం భోజనాల వేళ సెల్‌ఫోన్లోంచే ఇంటి కంప్యూటర్ తెరిచి చూసుకుంటారట. "రౌటర్‌లో చూస్తే నా కంప్యూటర్ అడ్రసు 192.168.1.5 అని ఉంది. పక్కింటాయన కంప్యూటర్‌దీ అదే. మరి నా ఫోను ఆయనింట్లో దూరకుండా మా ఇంటికే ఎలా వస్తోంది?" అని ప్రశ్న. దీన్ని వదిలిపెట్టడం నా వల్ల కాలేదు.

తెర సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఫోన్లోకి కంప్యూటర్ రాదు, దాని తెర బొమ్మ వస్తుంది. అందులోనూ మారిన భాగాలే కుదించుకుని వస్తాయి. మీ వేలి తాకిడి మౌస్ నొక్కుగా వెనక్కి వెళ్తుంది. అంతే. అసలు కథంతా దారిది.

1981లో ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి ఖాయం చేసినప్పుడు అడ్రసుకు 32 బిట్లు చాలన్నారు. లెక్కేస్తే 429 కోట్ల చిల్లర. ఆనాటికే భూమ్మీద మనుషులకు తలా ఒకటి రాదు! ఇదొక ప్రయోగమే కదా అనుకున్నానని ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ తర్వాత ఒప్పుకున్నారు. 2011 ఫిబ్రవరి 3న ఉమ్మడి గోదాములోని చివరి కట్టలు కూడా పంచేశారు.

కరువు ముందే పసిగట్టి 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ ఒక ఉపాయం రాశారు. ఇంటి మొత్తానికి బయటి అడ్రసు ఒకటే, లోపలి పరికరాలకు సొంత నంబర్లు. పేరు నాట్. తాత్కాలిక ఏర్పాటని వాళ్లే రాసుకున్నారు. తాత్కాలికమని వేసిన షెడ్డు ఎన్నేళ్లు ఉంటుందో మనకు తెలియంది కాదు. 192.168 అంటే ఫ్లాట్ నంబరు 105 లాంటిది, ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక 105 ఉంటుంది.

రౌటర్‌ని గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. లోపలివాళ్లు బయటికి చీటీ పంపితే ఆపడు. రిజిస్టర్లో ఒక వరుస రాసుకుంటాడు: 105 నుంచి, ఫలానా అడ్రసుకు, మన గేటు 40,217వ కిటికీ మీదుగా. (కిటికీలు 65 వేల పైచిలుకు, సాంకేతికులు పోర్టులంటారు.) బదులొస్తే వరుస చూసి లోపలికి పంపుతాడు. వరుస లేని చీటీ వస్తే చించి పారేస్తాడు, చించానని కూడా చెప్పడు. ఫోనుకూ సెల్ కంపెనీ గేటు దగ్గర ఇలాంటి వాచ్‌మనే ఉంటాడు. ఫోను పిలిస్తే ఇంటి వాచ్‌మన్ చించుతాడు, ఇల్లు పిలిస్తే ఫోను వాచ్‌మన్ చించుతాడు. మరి కలిసేదెలా?

పెళ్ళిళ్ల పేరయ్య కావాలి. అందరికీ తెలిసిన అడ్రసులో కూర్చున్న సర్వరే ఆ పేరయ్య. ఇంటి కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆయనకు చీటీలు పంపుతూనే ఉంటుంది. లోపలి నుంచి బయటికే కాబట్టి వాచ్‌మన్‌కు పేచీ లేదు. ఏ గేటు, ఏ కిటికీ అన్న ముద్ర చీటీ మీద పేరయ్యకు కనిపిస్తుంది. తుర్కపల్లి నుంచి ఫోనూ ఆయన్నే పలకరిస్తుంది. ఒకరి వివరాలు ఒకరికి చెప్పి, "ఇద్దరూ ఒకేసారి రాసుకోండి" అంటాడు.

రాసుకుంటారు. ఫోను పంపిన మొదటి చీటీ మేడ్చల్ గేటు దగ్గర చిరిగిపోవచ్చు. పోనీ! వెళ్తూ వెళ్తూ తన గేటు రిజిస్టర్లో "మేడ్చల్ ఫలానా కిటికీకి రాశాం" అన్న వరుస వేయించింది, అది చాలు. అదే వేళకు మేడ్చల్‌లో బయల్దేరిన చీటీ ఫోను గేటుకు చేరుతుంది. వాచ్‌మన్ రిజిస్టర్ తిరగేస్తాడు. ఓహో, బదులొచ్చింది, పంపించెయ్! నిజానికది బదులు కాదు, మొదటి పలకరింపే. వాచ్‌మన్లు ఒక్క నియమమూ తప్పలేదు, అయినా ఇద్దరూ బుట్టలో పడ్డారు. దీన్ని హోల్ పంచింగ్ అంటారు. నాకా పేరు నచ్చదు. గోడకు కన్నమేమీ పడలేదు, పుస్తకంలో ఒక వరుస పడింది.

ఆ వరుసకు ఆయుష్షు తక్కువ. రెండు నిమిషాల లోపు చెరపవద్దని 2007 నాటి నియమం. అర నిమిషానికే చెరిపేసే రౌటర్లున్నాయి. అందుకే మీరు తెర ముట్టుకోకపోయినా "ఉన్నావా?" "ఉన్నా" అని చీటీలు నడుస్తూనే ఉంటాయి.

నోటి మాటగా తిరుగుతున్న ఈ కిటుకును 2005లో బ్రయాన్ ఫోర్డ్, పైడా శ్రీసురేశ్, డాన్ కెగెల్ పరీక్షకు పెట్టారు. (పైడా అన్న ఇంటిపేరు తెలుగు చెవికి పరాయిది కాదు.) వాళ్లు చూసిన నాట్‌లలో దాదాపు 82 శాతం ఈ పప్పులు ఉడకనిచ్చాయి.

బోల్తా పడింది మాత్రం, మన గేటూ కిటికీ బయటికి ఏవిగా కనిపిస్తున్నాయో అడిగి తెలుసుకునే స్టన్ ప్రమాణం. 2003లో వచ్చినప్పుడు నాట్‌లు దాటే సులువైన దారినని పేరులోనే చాటుకుంది, వాటిని నాలుగు జాతులుగా విడదీసింది. నాట్ పెట్టెలు జాతిధర్మం పాటించలేదు. 2008లో ఆ వర్గీకరణ తీసేశారు. స్టన్ అన్న పొడి అక్షరాలు అలాగే ఉంచి, వాటికి "నాట్ దాటే పనిముట్లు" అని కొత్త విస్తరణ కట్టారు. పథకాల పేర్లు మార్చేవాళ్లు నేర్చుకోదగ్గ విద్య.

మొండి వాచ్‌మన్ ఒకడుంటాడు. చీటీ చేరాల్సిన అడ్రసు మారితే కిటికీ మారుస్తాడు. పేరయ్య చూసిన కిటికీ ఒకటి, ఫోనుకు రాసేది మరోటి. అప్పుడు పేరయ్య సంబంధం కుదిర్చి వెళ్లిపోకుండా కాపురంలోనే తిష్ఠ వేస్తాడు, ప్రతి మాటా ఆయన ద్వారానే. ఆయన సింగపూర్లో ఉన్నాడనుకోండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్, శామీర్‌పేట పక్కపక్క ఎగ్జిట్లు. చీటీ మాత్రం పోను 3,300, రాను 3,300 కిలోమీటర్లు తిరగాలి. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోయినా నొక్కు వెళ్లడానికి ఒకసారి, మారిన తెర రావడానికి ఒకసారి ఇంత దూరం తిరగాలి కాబట్టి ఫలితం కనబడటానికి కనీసం 66 మిల్లీసెకన్లు. వేలికి ఆ జాప్యం తెలుస్తుంది.

రౌటర్లో పోర్టు తెరిస్తే సరి అని వీడియోల్లో చెప్పేవాళ్లను నమ్మకండి. చాలాచోట్ల నెట్ కంపెనీ మీ గేటు అవతల తన గేటు ఒకటి పెట్టింది. ఆ తాళం మీ చేతిలో ఉండదు. 128 బిట్ల కొత్త అడ్రసులు రెండు వైపులా ఉంటే నాట్ అవసరమే లేదు, అయినా వరుస చూసి పంపే వాచ్‌మన్ ఉంటాడు.

ఉపయోగమా? ఇంట్లో మరిచిన ఫైలు తెచ్చుకోవచ్చు, కరెంటు ఉంటే. కరెంటు పోతే పేరయ్యా ఏమీ చేయలేడు. ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి ఇలా దూరం నుంచి తెర చూపే యాప్ వేసుకొమ్మంటే ఫోను పెట్టేయండి. ఎనీడెస్క్ అనే అలాంటి యాప్ ద్వారా జరుగుతున్న మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

ఇవాళే మీ రౌటర్ పేజీలో వాన్ (బయటి వైపు) అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీకు రెండో గేటు ఉన్నట్టే, 2012లో ఆ నంబర్లు కేటాయించింది దానికే. ఏం కనిపించిందో మాకు రాయండి. అడ్రసు మొత్తం వద్దు, మొదటి రెండు సంఖ్యలు చాలు.