‘అలౌ’ నొక్కే ముందు... ఇవి మీకు తెలుసా?

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో పర్ణశాల. మాయలేడి వచ్చిందీ, బిచ్చగాడి వేషంలో రావణుడొచ్చిందీ ఇక్కడేనని స్థలపురాణం. ఇక్కడ లక్ష్మణుడు గీసింది ఒక్క గీతే. మరి ఫోన్‌లోని యాప్‌లకు ఢిల్లీ ఎన్ని గీతలు గీసిందో తెలుసా? లెక్క పట్టండి!

మీకు తెలుసా? 2020 జూన్ 29న కేంద్రం ఒక్క దెబ్బకు 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్, షేర్‌ఇట్, యూసీ బ్రౌజర్, క్యామ్‌స్కానర్... అన్నీ గల్లంతు. ఊరూరా ఉన్న టిక్‌టాక్ స్టార్లంతా తెల్లారేసరికి మామూలు మనుషులు!

మీకు తెలుసా? సరిగ్గా 14 రోజుల ముందే గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. వారిలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఒకరు. నిషేధ ఉత్తర్వులో రాసిన కారణం మాత్రం దేశ భద్రత, మన డేటా సరిహద్దు దాటిపోవడం.

మీకు తెలుసా? ఇన్ని యాప్‌లను ఆపింది ఐటీ చట్టంలోని ఒకే ఒక్క సెక్షన్. 69ఏ! పేరు చిన్నది, పని పెద్దది.

మీకు తెలుసా? అదే ఏడాది సెప్టెంబర్ 2న మరో 118 యాప్‌లు పోయాయి. అంటే 59కి సరిగ్గా రెట్టింపు! అందులో పబ్‌జీ ఒకటి. 2021లో బీజీఎంఐగా తిరిగొచ్చింది, 2022లో మళ్లీ ఔట్, 2023లో మళ్లీ ఇన్. ఆటలో చచ్చినవాళ్లు కూడా ఇన్నిసార్లు లేవరు!

మీకు తెలుసా? 2020 నిషేధం కన్నా ముందే ఖమ్మం టిక్‌టాక్‌పై కన్నెర్రజేసింది! 2019 జులైలో నగరపాలక సంస్థ ఆఫీసులోనే కొందరు సిబ్బంది వీడియోలు చేశారు. వీడియోలు వైరల్, జీతాల్లో కోత. లైకులకు జీతం రాదు మరి!

మీకు తెలుసా? టిక్‌టాక్ చైనాలో దొరకదు! అక్కడ దాని జోడీ యాప్ డౌయిన్. వండినవాడే తినని వంట!

మీకు తెలుసా? 2020లో ప్రధాని మోదీ చైనా సోషల్ మీడియా వీబో నుంచి తప్పుకున్నారు. 115 పోస్టుల్లో 113 తీసేశారు. మిగిలిన రెండూ చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌తో దిగిన ఫొటోలు. వాటిని తీయడం కుదరలేదట!

మీకు తెలుసా? 2023 ఫిబ్రవరిలో 138 బెట్టింగ్ యాప్‌లు, 94 లోన్ యాప్‌లపై వేటు పడింది. లోన్ యాప్ హామీగా అడిగేది పొలం పట్టా కాదు, మీ కాంటాక్టులు! వాయిదా తప్పితే ఫోన్ వెళ్లేది మీ మేనమామకి!

మీకు తెలుసా? 2025 జనవరిలో అమెరికాలోనూ టిక్‌టాక్ ఆగింది. ఒక్క రోజైనా తిరక్కుండానే మళ్లీ వచ్చేసింది! మన దగ్గర మాత్రం 2021 జనవరిలోనే నిషేధం శాశ్వతమైంది.

చివరిగా ఒక్క ప్రశ్న. మీ ఫోన్‌లో టార్చ్‌లైట్ యాప్ ఏమేం చూస్తోందో తెలుసా? ఈ రాత్రే సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరవండి. వెలుగివ్వడానికి మీ బావమరిది నంబరు దానికెందుకు? తీసిపారేయండి!