నిలబడ్డ నడుముకు ఐదు నిమిషాలు

ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ అశోకా రోడ్డు ఒకటో నంబరు దగ్గర బిర్యానీ కోసం జనం బారులు తీరి ఉంటారు. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో ఆ పూట కుర్చీ దొరకడమే గొప్ప. దొరికినవాళ్లం కూర్చుని తింటాం. బకెట్టు పట్టుకుని బల్లల మధ్య తిరిగేవాళ్లు వంగుతారు, లేస్తారు, మళ్లీ వంగుతారు. ఇంకాస్త సాంబారు అడిగే మనకు ఆ వంగడం లెక్కలోకి రాదు.

ఒక రకంగా వాళ్లే నయం, కదులుతున్నారు. గురుగ్రామ్ మాల్ గుమ్మంలో గార్డు, మెట్రోలో ఒళ్లు తడిమి చూసే సీఐఎస్ఎఫ్ జవాను, కరోల్‌బాగ్ చీరల కొట్టులో సేల్స్‌గర్ల్... వీళ్లకు ఆ కదలికా లేదు. నడిచేటప్పుడు కండరం ఓసారి బిగుసుకుని ఓసారి వదులవుతుంది. కదలకుండా నిలబడితే ఆ వదులయ్యే వంతు రాదు. రక్తం కాళ్లలోకి దిగుతుంది, పిక్కలు బరువెక్కుతాయి, అలసిన ఒళ్లు నడుము వంపు మీద వాలుతుంది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు నడుము నొప్పి ఎరగనివాళ్లను రెండు గంటలు నిలబెట్టి చూస్తే, చాలామందికి నొప్పి మొదలైంది. ఇక పది గంటల డ్యూటీ సంగతి చెప్పాలా!

అదే అశోకా రోడ్డులో, గోల్ డాక్ ఖానా వైపు, మొరార్జీ దేశాయ్ జాతీయ యోగా సంస్థ ఉంది. ఆ సంస్థ రూపొందించిన, పనివేళల్లో ఐదు నిమిషాల్లో చేసుకునే ‘వై-బ్రేక్’ యోగాకు ఆయుష్ శాఖ 2021లో యాప్ తెచ్చింది. తాడాసనం, కటిచక్రాసనం లాంటివి అందులో ఉన్నాయి. తర్వాత ఆఫీసు కుర్చీలోనే చేసుకునే వై-బ్రేక్ కూడా వచ్చింది. కుర్చీ ఉన్నవాళ్లకు బాగానే ఉంది!

నిలబడేవాళ్లకూ ఆ రెండు ఆసనాలూ పనికొస్తాయి. వెనక్కి వంగే అర్ధచక్రాసనం దగ్గర మాత్రం ఆచితూచి వెళ్లాలి. నిలబడీ నిలబడీ నడుము అప్పటికే లోపలికి వంగి ఉంటుంది. చాలామందికి హాయినిచ్చేది ముందుకు వంగడమే. మన ఊళ్లలో బస్సు రాకపోతే రోడ్డు పక్కనే గొంతుకూర్చుంటారు చూడండి, అదే. నడుము వెనక భాగమంతా తెరుచుకుంటుంది, పిక్కలూ సాగుతాయి. మోకాళ్లు సహకరిస్తే అరనిమిషం చాలు. మాల్ గుమ్మంలో అలా కూర్చుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు కాబట్టి వాష్‌రూమ్‌కి వెళ్లినప్పుడో, టీ వేళో కానివ్వాలి.

డ్యూటీలో ఉండగానే చేయగలిగేది ఇంకోటుంది. ఇటుకో, మెట్టో చూసుకుని ఒక పాదం దాని మీద పెట్టండి, కాసేపటికి రెండోది. నడుము వంపు తగ్గి బరువు తేలికవుతుంది. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వాలితే పిక్క సాగుతుంది. ఇరవై ముప్పై సెకన్లు ఆగాలి, ఊపులు పనికిరావు. ఇంటికెళ్లాక వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ పొట్ట మీదికి లాక్కోవాలి.

మందుల షాపుల్లో వేలాడే నడుము బెల్టు కోసం తొందరపడకండి. దీర్ఘకాలపు నడుము నొప్పికి వ్యాయామం చేయించాలని చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలే, బెల్టులు మామూలుగా వాడొద్దనీ చెప్పాయి. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా డాక్టరును చూడాలి. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంత చెప్పినా, అసలు మందు కూర్చోనివ్వడమే అనిపిస్తుంది నాకు. నిలబడి పనిచేసేవాళ్లు వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. అది కార్ఖానాల సంగతి. కొట్లలో ఆ మాట కోసం కేరళ సేల్స్‌ఉమెన్ పోరాడాల్సి వచ్చింది. కోళికోడ్‌లో విజి అనే ఆవిడ నడిపిన ‘పెణ్‌కూట్టు’ మహిళల ఉద్యమం తర్వాత 2018లో అక్కడ కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కింది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది.

కొట్టులోకి ఒక్క స్టూలు వస్తే చాలు. గిరాకీ లేనప్పుడు కూర్చోవచ్చు, ఉన్నప్పుడు దాని అడ్డకర్ర మీద ఒక పాదం పెట్టుకోవచ్చు.